బండ కరిగితే... నేలయింది!

గుట్టల మీద గుండ్లను అంత జాగ్రత్తగా పేర్చిందెవరు? ఒక ఊరిది ఎర్ర చెలక, పక్క ఊరిది నల్ల రేగడి... ఎందుకలా? నల్గొండ బావుల్లోకి ఫ్లోరైడ్ ఎక్కణ్నుంచి వచ్చింది? వేసవి ముదరకముందే బోర్లు ఎందుకు ఎండుతున్నాయి? ఈ ప్రశ్నలన్నిటికీ జవాబు కాళ్ల కిందే ఉంది. ఎండా వానా కలిసి కోట్ల ఏళ్లుగా రాయిని మట్టి చేస్తున్న కథ అది.

ఏనుగంత గుండు. దాని నెత్తిన మరో గుండు. ఆ పైన ఇంకోటి... ఇప్పుడో ఇంకాసేపటికో దొర్లిపడుతుందేమో అన్నట్టుగా! గట్టిగా తోస్తే పడిపోయేలా కనిపించే ఆ రాళ్లు ఎన్ని గాలివానలొచ్చినా చెక్కుచెదరవు. హైదరాబాద్‌లో మౌలాలి నుంచి గచ్చిబౌలి దాకా, అక్కణ్నుంచి మహబూబ్‌నగర్, నల్గొండ, అటు అనంతపురం, పెనుకొండ వరకూ ఎటు వెళ్లినా దారి పొడవునా ఇవే దృశ్యాలు. కొత్తగా చూసేవాళ్లకు ఎవరో తీరిగ్గా కూర్చుని పేర్చినట్టే అనిపిస్తుంది.

నిజానికి వాటిని ఎవరూ పేర్చలేదు. ఒకదానిమీదికి ఒకటి ఎక్కనూ లేదు. అవన్నీ ఉన్నచోటే పుట్టాయి. ఒకప్పుడు అక్కడంతా ఒకటే బండ. అందులో మెత్తబడిన భాగమంతా మట్టయి కొట్టుకుపోతే, గట్టిగా మిగిలినవే ఇప్పుడు కనిపిస్తున్న గుండ్లు. అంటే, ఆ గుట్టల్లో కనిపిస్తున్న రాయి కన్నా కనిపించకుండా పోయిన రాయే ఎక్కువ. ఆ పోయిందంతా ఏమైందంటే... పొలమైంది, చెరువు మట్టయింది, వాగులో ఇసుకైంది!

నేల లోపలే చెక్కుడు

దక్కన్ గ్రానైట్ వయసు సుమారు 250 కోట్ల సంవత్సరాలు. భూమ్మీద చెట్టూ చేమా పుట్టడానికి చాలా చాలా ముందు, నేలకు కిలోమీటర్ల లోతున కుతకుతలాడే శిలాద్రవం నెమ్మదిగా చల్లారి గడ్డకడితే ఏర్పడిందది. పైనున్న రాళ్లు కోట్ల ఏళ్లలో అరిగిపోతూ ఉంటే, కింద అణిగి ఉన్న గ్రానైట్ మీద బరువు తగ్గుతూ వచ్చింది. అదిమిపెట్టిన స్పంజి మీద నుంచి చెయ్యి తీసినట్టే ఇదీనూ. బరువు తగ్గేసరికి రాయి కాస్త వ్యాకోచించింది. ఆ ఒత్తిడికి అడ్డంగా, నిలువుగా పగుళ్లిచ్చింది. దాంతో బండంతా పెద్ద పెద్ద దిమ్మెలుగా విడిపోయింది.

పగులు దొరికితే చాలు, నీరు ఊరుకుంటుందా? వాన నీరు గాల్లోంచి పడేటప్పుడే కొంచెం కార్బన్ డయాక్సైడ్‌ను కలుపుకొంటుంది. అది నేలలోకి దిగేటప్పుడు మరింత కలుస్తుంది. వేళ్లూ సూక్ష్మజీవులూ వదిలే ఊపిరి వల్ల మట్టి సందుల్లోని గాలిలో ఆ వాయువు బయటికన్నా పది నుంచి వంద రెట్లు ఎక్కువ ఉంటుంది మరి. అలా తయారయ్యేదే కార్బానిక్ ఆమ్లం. సోడాలో ఉండేదీ అదే. చాలా బలహీనమైన ఆమ్లమే. కానీ దానికి తొందర లేదు. కావలసినంత సమయముంది.

గ్రానైట్‌లో ముఖ్యంగా మూడు ఖనిజాలుంటాయి. తెల్లగా, లేత గులాబీ రంగులో ఉండే ఫెల్డ్‌స్పార్. గాజులా మెరిసే పలుగురాయి. నల్లటి చుక్కల్లా కనిపించే అభ్రకం. ఈ ముగ్గురిలో ఆమ్లానికి తేలిగ్గా లొంగేది ఫెల్డ్‌స్పార్. అందులోని సోడియం, పొటాషియం, కాల్షియం నీళ్లలో కలిసిపోతాయి. మిగిలింది తెల్లటి సుద్దగా, అంటే బంకమట్టిగా మారిపోతుంది. నల్ల అభ్రకంలోని ఇనుము నీరూ గాలీ తగలగానే తుప్పు పడుతుంది. ఎర్రమట్టికి ఆ ఎరుపు వచ్చింది ఆ తుప్పు వల్లే. ఇక పలుగురాయి మాత్రం మొండిది. దాన్ని పట్టుకున్నవాళ్లంతా వదిలేసి వెళ్లిపోవడంతో రవ్వలు రవ్వలుగా రాలిపోతుంది. వాగుల్లో ఇసుకంటే చాలావరకూ అదే.

మరి గుండ్లు గుండ్రంగా ఎందుకున్నాయి? చదరంగా ఉండే దిమ్మెను ఊహించుకోండి. దాని ముఖం మీద నీరు ఒక్క వైపు నుంచే దాడి చేయగలదు. అంచు మీద రెండు వైపుల నుంచి. మూల మీదైతే మూడు వైపుల నుంచి! కాబట్టి మూలలు ముందు కరుగుతాయి, తర్వాత అంచులు. చేతిలో సబ్బు అరిగినట్టుగా దిమ్మె అరిగి అరిగి గుండవుతుంది. ఇదంతా జరిగేది నేల లోపలే. వేల ఏళ్ల తర్వాత చుట్టూ ఉన్న మెత్తటి మట్టిని వానలు కడిగేస్తే, లోపల ఎప్పుడో తయారైపోయిన గుండ్లు బయటపడతాయి. పైది కిందిదాని మీద అలాగే నిలిచిపోతుంది. కొత్తగా రోడ్డు వేయడానికి మొరం గుట్టను నిలువునా కోసినచోట ఆగి చూస్తే ఈ తతంగమంతా కళ్లకు కడుతుంది. పొడిపొడిగా రాలే మొరం మధ్యలో, పండులో గింజల్లా గుండ్రటి రాళ్లు ఒదిగి ఉంటాయి. అవి ఇంకా పుట్టని గుండ్లన్నమాట!

హైదరాబాద్ విశ్వవిద్యాలయం ఆవరణలో ఉన్న పుట్టగొడుగు రాయి కథ కూడా అలాంటిదే. గొడుగులాంటి పైభాగం, సన్నటి కాడ. గాలి కోసిందేమో అనుకుంటారు చాలామంది. ఇలాంటి రాళ్ల కాడను ప్రధానంగా కొరికింది మట్టిలోని తేమ. రాయి పైభాగం వాన వెలవగానే ఆరిపోతుంది. మట్టిలో కూరుకున్న మొదలు నెలల తరబడి తడిగానే ఉంటుంది. తడి ఉన్నచోటే రాయి కరిగేది.

ఎండా? వానా?

రాళ్లు ఎండకు వేడెక్కి, రాత్రికి చల్లబడి పగిలిపోతాయని చాలాకాలం అనుకునేవారు. పాఠ్యపుస్తకాల్లోనూ అలాగే ఉండేది. 1936లో డేవిడ్ గ్రిగ్స్ అనే అమెరికన్ శాస్త్రవేత్త దీన్ని తేల్చుకుందామనుకున్నాడు. నున్నగా సానబట్టిన గ్రానైట్ ముక్కను తీసుకుని, వేడి చేయడం చల్లార్చడం, మళ్లీ వేడి చేయడం... ఇలా 244 ఏళ్ల పగళ్లూ రాత్రులకు సరిపడా చేశాడు. రాయికి ఏమీ కాలేదు! తర్వాత చల్లార్చేటప్పుడు కాసిని నీళ్లు చల్లాడు. అంతే, కొద్దికాలానికే నునుపు పోయి సన్నటి పగుళ్లు కనిపించాయి. నీరు తోడు లేకపోతే ఎండ ఒక్కటే పెద్దగా ఏమీ చేయలేదని అప్పుడు అర్థమైంది.

అందుకే ఉష్ణమండలం ఇంత ప్రత్యేకం. ఇక్కడ వేడీ ఉంది, తడీ ఉంది. పది డిగ్రీలు పెరిగితే రసాయన చర్యల వేగం దాదాపు రెట్టింపవుతుందని ఓ లెక్క. చలిదేశాల్లో మంచు చేసే పనిని ఇక్కడ నాలుగు నెలల వానలు, వాటి తర్వాత వచ్చే ఎండలు చేస్తాయి. వానాకాలంలో నీరు రాయిలోని లవణాలను కరిగించి తీసుకుపోతుంది. ఎండాకాలంలో ఆవిరవుతూ మిగిలినవాటిని పైపైన వదిలేస్తుంది. కరిగించడం, ఆరబెట్టడం... ఏటా ఇదే వరస.

భువనగిరి కోటకు వెళ్లినవాళ్లకు దీని ఇంకో రూపం కనిపిస్తుంది. సుమారు 500 అడుగుల ఎత్తున గుడ్డు ఆకారంలో ఉండే ఒకే ఒక్క బండ అది. దానికి పగుళ్లు తక్కువ. దాంతో నీరు లోపలికి దిగే దారి లేక, పైపైనే పొరలు పొరలుగా ఉల్లిపాయలా విచ్చుకుంటోంది. కొన్నిచోట్ల బండ మీద రాయితో కొడితే డొల్ల మోత వినిపిస్తుంది. కింద పొర విడిపోయిందని గుర్తు. రాళ్లు కొట్టే వడ్డెరలు ఈ రహస్యాన్ని ఎప్పుడో కనిపెట్టారు. బండ మీద కట్టెలు పేర్చి మంట పెడితే వేడికి పై పలక దానంతటదే లేస్తుంది. దాన్ని ఉలితో వరసగా గుంతలు కొట్టి చీలిస్తే కడీలు, సున్నితంగా తీస్తే పరుపు బండలు. రాయి ఎటు చీలుతుందో చూసి చెప్పగల ఆ కన్ను పుస్తకాలతో వచ్చేది కాదు.

ఎర్ర చెలక... నల్ల రేగడి

అదే ఎండ, అదే వాన. మరి వికారాబాద్ వైపు వెళ్తే నేల నల్లగా ఎందుకుంటుంది? తల్లి వేరు కాబట్టి!

సుమారు 6.6 కోట్ల ఏళ్ల క్రితం పశ్చిమ దక్కన్‌లో భూమి బీటలువారి లావా పొరలు పొరలుగా పరుచుకుంది. మహారాష్ట్రలో మొదలైన ఆ నల్లరాయి అంచులు ఆదిలాబాద్, జహీరాబాద్, తాండూరు దాకా వచ్చాయి. ఈ బసాల్టు రాయిలో గ్రానైట్‌లో ఉన్నంత పలుగురాయి ఉండదు. కాల్షియం, మెగ్నీషియం, ఇనుము ఎక్కువ. అది కరిగితే ఇసుక మిగలదు. నీళ్లు పీల్చుకుని ఉబ్బే రకం బంకమట్టి తయారవుతుంది. అదే రేగడి. వానాకాలంలో కాలు పెడితే చెప్పులు ఊడిరావు. ఎండాకాలంలో మూరెడు లోతు నెర్రెలిస్తాయి. పైమట్టి ఆ నెర్రెల్లో పడి, మళ్లీ వానకు ఉబ్బి పైకి తిరగబడుతుంది. అంటే నేల తనను తానే దున్నుకుంటుందన్నమాట. తడిని నెలల తరబడి పట్టి ఉంచుతుంది కాబట్టే పత్తికీ శనగకూ రేగడే కావాలంటారు రైతులు. ఇల్లు కట్టేవాళ్లు మాత్రం రేగడంటే భయపడతారు. ఉబ్బుతూ కుంగుతూ ఉండే నేల మీద పునాది నిలవడం కష్టం.

గ్రానైట్ నుంచి పుట్టిన ఎర్ర చెలక, దుబ్బ నేలల గుణం వేరు. ఇసుక పాలు ఎక్కువ. నీరు ఇట్టే ఇంకిపోతుంది. రెండు వారాలు వాన ముఖం చాటేస్తే పైరు వాడుతుంది. అయితే ఎంత మొరం నేలైనా సీతాఫలానికి ఇష్టమే. మహబూబ్‌నగర్ జిల్లా గుట్టల్లో రాళ్ల సందున పెరిగే బాలానగర్ సీతాఫలం పేరు తెలియనివాళ్లు తక్కువ.

ఇందులోనూ ఓ తమాషా ఉంది. గ్రానైట్ ఊళ్లలో కూడా మెరక మీద ఎర్రమట్టి ఉంటే, పల్లంలో చెరువు కింద నల్లమట్టి కనిపిస్తుంది. పైనుంచి నీళ్లతో కొట్టుకొచ్చిన సన్నటి బంకమట్టీ సున్నమూ కింద పేరుకుంటాయి. నీరు బయటికి పోయే దారి లేనిచోట అవి ఉబ్బే రకం మట్టిగా మారతాయి. ఎండాకాలంలో చెరువు మట్టిని బండ్ల మీద తోలుకెళ్లి చెలకల్లో పోసే అలవాటు వెనక ఉన్న శాస్త్రం ఇదే. మెరక నుంచి కిందికి జారిపోయిన బంకమట్టిని మళ్లీ మెరకకు చేర్చడమే అది. 2015లో మొదలైన మిషన్ కాకతీయలో పూడిక తీసిన మట్టినీ రైతులు ఇలాగే పొలాలకు తరలించుకున్నారు.

మొరం పొరే ట్యాంకు

రాయి కరగడం వల్ల మనిషికి దొరికిన అతి పెద్ద వరం మట్టి ఒక్కటే కాదు. నీళ్లు కూడా!

గట్టి గ్రానైట్ నీటిని దాచుకోలేదు. దానికి సందులే లేవు. తెలంగాణ, రాయలసీమల్లో భూగర్భజలం ఉండేది రాయిలో కాదు, కరిగిన రాయిలో. పైనుంచి చూస్తే ముందు కాస్త మట్టి. దానికింద మొరం... రాయి ఆకారం పోకుండానే మెత్తబడి, చేత్తో నలిపితే పొడయ్యే పొర. అది సాధారణంగా పది నుంచి ఇరవై మీటర్ల మందం ఉంటుంది. స్పంజిలా నీటిని పట్టి ఉంచేది అదే. దాని కింద పగుళ్ల రాయి. పగుళ్లలో నీరు పారుతుంది కానీ నిలవ ఉండేది తక్కువ. ఆ కింద చెక్కుచెదరని బండ. అక్కడ బోరు ఎంత లోతు వేసినా అదృష్టం బాగుంటే ఏదో ఒక పగులు తగలాలి, లేదంటే పొడి దుమ్మే.

పాతకాలం మోట బావులు ముప్పై నలభై అడుగులు మించి లోతుండేవి కావు. మొరం పొర అయిపోయేచోట బావి ఆగిపోయేది. తవ్వేవాళ్లకు గడ్డపార దిగినంతవరకే బావి. పైగా ఆ పొర ఇచ్చినంతే తోడగలిగేవారు. బోరు యంత్రం వచ్చాక లెక్క మారింది. ట్యాంకులో నీళ్లున్నాయో లేదో చూసుకోకుండా దాని అడుగున ఉన్న పైపు నుంచి తోడడం మొదలైంది.

హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థలో 1999లో ఇండో ఫ్రెంచ్ భూగర్భజల పరిశోధన కేంద్రం ఏర్పాటైంది. అక్కడి శాస్త్రవేత్తలు నగరానికి దక్షిణాన ఉన్న మహేశ్వరం పరీవాహక ప్రాంతాన్ని ఏళ్ల తరబడి పరిశీలించారు. వాళ్లకు కనిపించింది ఏమిటంటే... విపరీతంగా తోడేయడంతో మొరం పొర దాదాపు ఎండిపోయింది. నీటిమట్టం పగుళ్ల రాయిలోకి దిగిపోయింది. అంటే ట్యాంకు ఖాళీ అయి, పైపుల్లో మిగిలిన నీళ్లతో ఊళ్లు బతుకుతున్నాయన్నమాట. ఓ ఏడాది వానలు బాగుంటే బోర్లు పోయడం, మర్నాటి వేసవికే ఆగిపోవడం వెనక కారణం ఇదే. దాచుకునే చోటు చిన్నదైపోయింది మరి.

ఇంకో నష్టం పెద్దగా ఎవరి దృష్టికీ రావడంలేదు. రోడ్లకీ వెంచర్లకీ మొరం కావాలి. ఊరి చివర గుట్టను తవ్వి లారీల కొద్దీ తరలిస్తున్నారు. పోయేది ఎందుకూ పనికిరాని మట్టే కదా అనుకుంటారు. నిజానికి లారీలో వెళ్లిపోతోంది ఆ ఊరి నీళ్ల ట్యాంకు! అంగుళం మట్టి తయారవడానికే వందల ఏళ్లు పడుతుంది. మొరం పొర మళ్లీ ఏర్పడాలంటే... ఆ లెక్క మనుషుల జీవితకాలాల్లో చెప్పేది కాదు.

పాతవాళ్లు ఈ నేల తీరును బాగా చదివారు. గుట్టల మీద పడిన వాన బండ మీద నిలవక జారి, గుట్ట మొదట్లో ఇంకుతుంది. అక్కడే మొరం మందంగా ఉంటుంది. రెండు గుట్టల మధ్య పల్లానికి అడ్డంగా కట్ట వేస్తే చెరువు. చెరువు కింద బావులు. పాకాల, రామప్ప, లక్నవరం చెరువుల్ని కట్టిన కాకతీయుల కాలం నుంచీ ఊళ్లన్నీ ఇలా ఒకదాని కింద ఒకటి గొలుసుకట్టు చెరువులతో బతికాయి. చెరువు అంటే నీళ్లు నిలవచేసే చోటే కాదు, కింది మొరం పొరను ఏటా నింపే గరాటు కూడా.

రాయి ఇచ్చిన శాపం

కరిగే రాయి ఏమిస్తుందో ఎంచుకునే వీలు మనకు ఉండదు. గ్రానైట్‌లోని నల్ల అభ్రకం, అపటైట్, ఫ్లోరైట్ లాంటి ఖనిజాల్లో ఫ్లోరిన్ దాగి ఉంటుంది. రాయి కరిగినప్పుడు అదీ నీళ్లలోకి వస్తుంది. వానలు దండిగా పడేచోట కొట్టుకుపోతుంది. నల్గొండలాంటి మెట్టప్రాంతాల్లో నీరు రాళ్ల మధ్య ఎక్కువకాలం నిలిచిపోతుంది. ఆవిరవుతున్నకొద్దీ నీటిలోని కాల్షియం సుద్దగడ్డలుగా విడిపోతుంది. ఫ్లోరైడ్‌ను పట్టి ఉంచాల్సింది ఆ కాల్షియమే. అది లేకపోయేసరికి నీళ్లలో ఫ్లోరైడ్ పాళ్లు పెరుగుతాయి. నీటిమట్టం పడిపోయి లోతు నుంచి తోడేకొద్దీ రాతితో ఎక్కువకాలం కలిసి ఉన్న నీరే పైకొస్తుంది.

లీటరు నీటిలో 1.5 మిల్లీగ్రాములు మించకూడదన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు. అది దాటిన నీళ్లు ఏళ్ల తరబడి తాగితే ముందు పళ్లకు గార పడుతుంది. తర్వాత ఎముకలు బిగుసుకుపోతాయి, కాళ్లు వంకర్లు పోతాయి, నడుం వంగిపోతుంది. దేశంలో ఈ జబ్బు ఇలా ఊళ్లకు ఊళ్లను పట్టి పీడిస్తోందని మొదట 1937లో వైద్యులు గుర్తించింది కూడా తెలుగునేల మీదే, అప్పటి మద్రాసు రాష్ట్రంలోని నెల్లూరు జిల్లాలో. తర్వాత నల్గొండ పేరు దానికి పర్యాయపదమైపోయింది. మర్రిగూడ, మునుగోడు ప్రాంతాల్లో నిటారుగా నిలబడలేని తరాలే పెరిగాయి. పటికా సున్నంతో ఫ్లోరైడ్‌ను విరిచే పద్ధతిని నాగపూర్‌లోని ‘నీరి’ సంస్థ 1970ల్లో రూపొందిస్తే, దాన్ని ప్రపంచమంతా ‘నల్గొండ టెక్నిక్’ అనే పిలుస్తోంది. చివరికి దారి చూపింది మరో ప్రాంతపు నీరే. ముందు కృష్ణా జలాల పథకాలు, ఆ తర్వాత 2016లో మొదలైన మిషన్ భగీరథ ఆ ఊళ్లకు నది నీటిని చేర్చాయి. అయితే వంగిన ఎముకలు మళ్లీ సాఫీగా కావు.

కొండ నెత్తిన టోపీ

వానలు ఇంకా ఎక్కువ, నేల ఇంకా పాతది అయితే రాయి ఇంకో మెట్టు కిందికి దిగుతుంది. అప్పుడు సిలికా కూడా కరిగిపోయి ఇనుము, అల్యూమినియం మాత్రమే మిగులుతాయి. కేరళలోని అంగాడిపురంలో ఫ్రాన్సిస్ బుకానన్ అనే స్కాటిష్ వైద్యుడు ఇలాంటి ఎర్రరాయిని చూశాడు. నేలలో ఉన్నప్పుడు కత్తితో కోసేంత మెత్తన. బయట పెట్టి ఎండనిస్తే ఇటుకంత గట్టి. ఇటుకకు లాటిన్‌లో ఉన్న పేరునే దానికి ‘లేటరైట్’ అని పెట్టాడు. జహీరాబాద్ చుట్టుపక్కల ఇళ్ల గోడల్లో కనిపించే చిల్లుల ఎర్రరాయి అదే. వికారాబాద్ అనంతగిరి కొండల నెత్తిన టోపీలా ఉన్నదీ అదే. సందులు సందులుగా ఉండే ఆ టోపీ వాననీటిని పీల్చుకుని మెల్లగా వదులుతుంది. మూసీ పుట్టింది ఆ కొండల్లోనే.

తూర్పు కనుమల్లో ఇదే ప్రక్రియ బాక్సైట్‌ను తయారుచేసింది. అక్కడి ఖోండలైట్ రాయి వేడికీ వానకూ కరిగి, గాలికొండ, జెర్రెల లాంటి ఎత్తైన కొండల పైన అల్యూమినియం ఖనిజంగా మిగిలింది. ఆ కొండల కిందున్న గిరిజన గూడేలకు ఏడాది పొడవునా ఊటలు అందేది పైనున్న ఆ పొర వల్లే. అందుకే అక్కడ తవ్వకాలంటే అంత వ్యతిరేకత. ప్రభుత్వం 2015లో అటవీ భూముల్లో తవ్వకాలకు అనుమతిస్తూ ఉత్తర్వులిస్తే ఆందోళనలు చెలరేగాయి. 2019లో లీజులు రద్దయ్యాయి. అంతకుముందు, 1997లో సుప్రీంకోర్టు ఇచ్చిన ప్రసిద్ధ ‘సమత’ తీర్పు కూడా ఈ కొండల్లోని బొర్రా ప్రాంతపు గనుల లీజుల మీద మొదలైన వివాదమే.

దిగువన సముద్రం ఒడ్డున మరో వింత. విశాఖ నుంచి భీమిలి వెళ్లే దారిలోని ఎర్రమట్టి దిబ్బలు వేల ఏళ్ల క్రితం గాలీ నీరూ తెచ్చి పోసిన మామూలు ఇసుకే. ఎరుపు తర్వాత వచ్చింది. ఇసుకలో కలిసిన ఇనుప ఖనిజాలు ఉన్నచోటే కరిగి, ప్రతి రేణువుకూ సన్నటి తుప్పు పూత పూశాయి. ఆ పైన వానలు వాటిని లోతైన గండ్లుగా కోశాయి. ఇలాంటివి తమిళనాడు, శ్రీలంకల్లో తప్ప ఈ చుట్టుపక్కల మరెక్కడా లేవు. భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ 2014లో వీటిని జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించింది. 2025లో తిరుమల కొండలతో పాటు యునెస్కో తాత్కాలిక జాబితాలోనూ చేరాయి. ఇంత జరిగినా యంత్రాలతో చదును చేసే ప్రయత్నాలు ఆగలేదు. 2024లో అలాంటి పనుల మీదే పెద్ద గొడవ జరిగింది.

పోతే... రావు

హైదరాబాద్ గుండ్లను కాపాడాలంటూ 1996లో కొందరు కళాకారులు, ప్రకృతి ప్రేమికులు కలిసి ‘సొసైటీ టు సేవ్ రాక్స్’ను స్థాపించారు. చరిత్రకారుడు, ఐఏఎస్ అధికారి నరేంద్ర లూథర్, ఫ్రౌకే క్వాడర్ లాంటివాళ్లు దానికి అండగా నిలిచారు. వాళ్ల పోరు ఫలితంగానే దుర్గం చెరువు చుట్టూ ఉన్న గుట్టలు, శిల్పారామంలోని ఎలుగుబంటి ముక్కు రాయి, విశ్వవిద్యాలయంలోని పుట్టగొడుగు రాయి సహా తొమ్మిది శిలాకృతులు హుడా వారసత్వ జాబితాకెక్కాయి. 2015లో ఆ నిబంధననే తొలగించారు. 2025 ఏప్రిల్‌లో కంచ గచ్చిబౌలిలో నాలుగు వందల ఎకరాల్లో చెట్ల నరికివేతను సుప్రీంకోర్టు ఆపించేదాకా బుల్డోజర్లు పనిచేశాయి. అటు కరీంనగర్‌లో గుట్టలకు గుట్టలే పలకలై విదేశాలకు వెళ్లిపోతున్నాయి.

ఊరు పెరగాలంటే రాయి కావాలి, కాదనలేం. గుడి కట్టినా బడి కట్టినా ఆ రాయితోనే. తేడా ఎక్కడొస్తుందంటే... అడవి నరికితే మళ్లీ పెంచొచ్చు. చెరువు పూడితే మళ్లీ తవ్వొచ్చు. 250 కోట్ల ఏళ్ల వయసున్న గుండును డైనమైట్ పెట్టి లేపేస్తే మళ్లీ తెచ్చుకునే ఉపాయం లేదు. గుట్టతో పాటు దాని బండ మీది నుంచి జారిన వాన ఇంకే చోటూ పోతుంది, రాళ్ల నీడన పెరిగే సీతాఫలం చెట్టూ పోతుంది, సందుల్లో తలదాచుకునే ఉడుములూ నెమళ్లూ పోతాయి.

ఈసారి పొలం గట్టున నిలబడి గుప్పెడు మట్టి చేతిలోకి తీసుకున్నప్పుడు ఒక్కసారి దగ్గరగా చూడండి. మెరిసే రవ్వ పలుగురాయి. వేళ్లకు అంటుకునే జిగట ఒకప్పటి ఫెల్డ్‌స్పార్. ఆ ఎరుపు తుప్పు పట్టిన అభ్రకం. ఎదురుగా ఉన్న గుట్ట, చేతిలో ఉన్న మట్టి... రెండూ ఒకటే రాయి!

పుట్ట చెప్పే సంగతి

రాయిని మట్టి చేయడంలో చెదపురుగులకూ వాటా ఉంది. తేమ కోసం అవి మొరం పొరలోకి లోతుగా దిగి, అక్కడి సన్నటి బంకమట్టిని పైకి తెచ్చి పుట్ట కడతాయి. పుట్టమన్ను అంత మెత్తగా, జిగటగా ఉండటానికి కారణం అదే. పొయ్యి అలకడానికైనా పెళ్లిలో పాలికలు పోయడానికైనా ఆ మట్టినే తెచ్చుకునేవారు. ఆరో శతాబ్దంలో వరాహమిహిరుడు ‘బృహత్సంహిత’లో భూగర్భజలం జాడల గురించి చెబుతూ పుట్టల్ని కూడా గుర్తుగా పేర్కొన్నాడు.

గుహలదీ అదే కథ!

గ్రానైట్‌ను మట్టి చేసే అదే బలహీన ఆమ్లం సున్నపురాయిని మాత్రం పూర్తిగా కరిగించేస్తుంది. మిగిలేది ఖాళీ... అదే గుహ! గోస్తని నది తొలిచిన బొర్రా గుహలు, నంద్యాల జిల్లాలోని బెలుం గుహలు అలా ఏర్పడినవే. బెలుం గుహల్ని 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ రికార్డు చేశాడు. 1980ల్లో డేనియల్ గెబౌర్ నాయకత్వంలో జర్మన్ బృందం లోపలికి వెళ్లి పటాలు గీసింది. మొత్తం పొడవు 3,229 మీటర్లు. 2002 నుంచి సందర్శకులను అనుమతిస్తున్నారు. పైకప్పు నుంచి వేలాడే రాతి ఊడలు, కరిగిన సున్నం బొట్టు బొట్టుగా మళ్లీ గడ్డకట్టినవే.